మూసుకోని ఇళ్ళు

ఆదిమూలం బొటనవేలు అప్పటికి నలభై ఇళ్ళు దాటింది. ముత్తమ్మ ఇల్లు ఇంకా రాలేదు.

గుడియాత్తంలో లుంగీలు నేసే వీధి అది. పక్కింట్లో మగ్గం ఆగకుండా కొట్టుకుంటోంది. ముత్తమ్మ వంటగది గోడకు భుజం ఆనించి, ఎడమచేతిలో ఫోను పట్టుకుని, కుడి బొటనవేలితో తెరను పైకి తోస్తున్నాడు. ముప్పై ఏళ్ళుగా సిమెంటూ, ఇనప తుప్పూ, పైపులకు పూసే జిగురూ తగిలి తగిలి ఆ వేలి కొన మీద గీతలు అరిగిపోయాయి. ఫోను దాన్ని వేలని గుర్తుపట్టదు. మూడుసార్లు తోస్తే ఒకసారి కదులుతుంది. కదిలితే ఒక్కోసారి ఆరిళ్ళు దాటేసి ఆగుతుంది. మళ్ళీ వెనక్కి రావాలి.

"ఏమప్పా, నా ఇల్లు యాడన్నా తప్పిపోయిందా?" అంది ముత్తమ్మ. డెబ్బై దాటిన మనిషి. కొత్త కుళాయి పెట్టించుకోవాలని పొద్దున్నించి పొయ్యి కూడా వెలిగించకుండా పీట మీద కూర్చుని ఉంది.

"ఉండాదమ్మా. కింద యాడనో ఉండాది. కొంచెం పొరు, తొందరపడొద్దు."

"గోడ నీ ఎదురుగానే ఉండాది. నువ్వేమో ఫోన్లో దేవులాడతా ఉండావు."

ఆదిమూలం తెర తోస్తూనే ఉన్నాడు. గోడ ఎదురుగానే ఉంది, నిజమే. గోడలో ఉన్న పైపు మాత్రం ఎదురుగా లేదు. పన్నెండేళ్ళ కిందట తనే గాడి కొట్టి, పైపు పెట్టి, సిమెంటు పూసి, పైన టైల్సు పలకలు అంటించాడు. అది ఏ దారిన పోయిందో ఇప్పుడు తెలియాలంటే ఫోనే చెప్పాలి.

ఫోన్లో ఉన్నది ఒకే ఒక్క నోటు. దాని పేరు 'ఇళ్ళు'. ఆదిమూలం ఇంట్లో మాట్లాడేది తెలుగే అయినా చదువుకున్న ఐదు తరగతులూ తమిళంలోనే. అందుకని తెలుగు మాటల్నే తమిళ అక్షరాలతో రాసుకున్నాడు. గుడియాత్తం నుంచి వేలూరు దాకా అతను నీళ్ళ పైపులు వేసిన రెండువందల ముప్పై ఇళ్ళు అందులో ఉన్నాయి. ఏ గోడలో ఎంత ఎత్తున ఏ పైపు పోయింది, ఎక్కడ మలుపు తిరిగింది, తలుపు నుంచి ఎన్ని అంగుళాలు, అన్నీ ఉన్నాయి. కొత్త ఇల్లు ఎప్పుడూ పైన రాస్తాడు. పాతవి కిందికి జారుతూ పోతాయి. అన్నిటికన్నా అడుగున, వేలు నొప్పి పుట్టేంత దూరంలో, అతను మొట్టమొదట రాసుకున్న ఇల్లు ఉంది.

అతనికి కావలసింది చాలా చిన్నది. ఇంటి పేరు మాత్రం కనిపించాలి. పేరు మీద తడితే ఆ ఇల్లు తెరుచుకోవాలి. పని అయ్యాక మళ్ళీ తడితే మూసుకోవాలి. తలుపున్న ప్రతి ఇల్లూ చేసే పనే అది. ఈ నోటులో మాత్రం రెండువందల ముప్పై ఇళ్ళూ బార్లా తెరుచుకుని, వంటగదులూ స్నానాలగదులూ బయటపెట్టుకుని, ఒకదాని కింద ఒకటి పడి ఉన్నాయి.

అలా మూసుకునేదాన్ని అతను ఒకసారి కళ్ళారా చూశాడు. కాట్పాడిలో ఎవాంజలిన్ అనే కాలేజీ మేడం ఇంట్లో సింకు బిగిస్తుంటే ఆమె కంప్యూటరు ముందు కూర్చుని ఏదో జాబితా చూసుకుంటోంది. పేరు పక్కన చిన్న ముక్కోణం. దాని మీద నొక్కితే కింద ఉన్న ఇరవై వరసలూ లోపలికి పోయాయి. ఆదిమూలం చేతిలో రెంచి పట్టుకునే దగ్గరికి వచ్చాడు. "ఇంకోసారి మూయండి మేడం" అన్నాడు. ఆమె నవ్వి మూసింది. "మళ్ళీ తెరవండి." తెరిచింది. ఆ రోజు ఆమె చేత నాలుగుసార్లు తెరిపించి మూయించాడు. అతని ఫోన్లో ఉన్న యాప్‌లో ఆ ముక్కోణం లేదని ఆమే చూసి చెప్పింది. మూసుకునే యాప్ ఒకటి అతని కూతురు సురేఖ వెతికి ఎక్కించింది కూడా. అది సిగ్నల్ లేకపోతే తెరుచుకోదు. ఆదిమూలం పని ఉండేదంతా నాలుగు గోడల మధ్య, సిగ్నల్ రాని మూలల్లో. నెల తిరక్కుండానే దాన్ని తీసేశారు.

ముత్తమ్మ పేరు తెర మీదికి వచ్చింది. ఆదిమూలం ఊపిరి పీల్చుకుని వరస చదవబోయాడు. ఫోను మోగింది.

వేలూరు నుంచి ప్రభు. గోపాలస్వామి సారు కొడుకు. నోటులో అట్టడుగున ఉన్నది వాళ్ళ ఇల్లే.

"ఆదిమూలన్నా, నాయన మొన్న బాత్రూములో జారినాడు. దెబ్బేమీ లేదు. భయపడి రెండు దినాలుగా స్నానానికే పోలేదు. గోడకి పట్టుకునేదానికి స్టీలు కడ్డీ తెచ్చినాం. బిగించే ఆయన వచ్చి నిలబడి ఉండాడు. లోపల పైపు యాడ పోతాదని అడగతా ఉండాడు."

"యా గోడ?"

"కుళాయి గోడే."

ఆదిమూలం కళ్ళు మూసుకున్నాడు. ఆ గోడలో రెండు పైపులున్నాయి. మొదట వేసిన ఇనప పైపు ఒకటి, చాలా ఏళ్ళ తర్వాత వేసిన వేడినీళ్ళ పైపు ఇంకొకటి. ఇనపది గుర్తుంది. వేడినీళ్ళది ఎంత ఎత్తున అడ్డంగా పోయిందో గుర్తు రాలేదు.

"ఆ గోడని ముట్టొద్దని చెప్పు ప్రభూ. నేను చూసి చెప్తా. పది నిమిషాలు."

ఫోను పెట్టి తెర చూశాడు. నోటు మళ్ళీ మొదటికి వచ్చి నిలబడింది. ఎప్పుడూ అంతే. ఫోను వచ్చి పోతే చాలు, ఎంత కిందికి దిగినా మళ్ళీ పైన పడేస్తుంది.

"థూ!" అన్నాడు.

"దొరికిందా?" అంది ముత్తమ్మ.

"దొరికింది. పోయింది."

మళ్ళీ నలభై ఇళ్ళు దిగాడు. ఈసారి కొలత కనిపించగానే పెన్ను తీసి అరచేతిలో రాసుకున్నాడు. ఉలి పెట్టి, పలక పగలకుండా చుట్టూ కొట్టి, లోపలి పైపును సరిగ్గా నోటు చెప్పిన చోటే బయటికి తీశాడు. కుళాయి బిగించి, తిప్పి, నీళ్ళు గలగలా పడుతుంటే ముత్తమ్మ లేచి వచ్చి చెయ్యి పెట్టి చూసుకుంది. కొత్త కుళాయి సంగతి రాయడానికి మళ్ళీ నలభై ఇళ్ళు దిగే ఓపిక లేక నోటు పైనే రాసుకున్నాడు. ఈలోగా ప్రభు రెండుసార్లు ఫోను చేశాడు. రెండుసార్లూ ఆదిమూలం, "చూస్తా ఉండా" అన్నాడు. రెండోసారి గొంతులో అబద్ధం అతనికే వినపడింది.

ఇక వెతకడం కన్నా పోవడమే నయమనిపించింది. డ్రిల్లింగ్ మిషను సంచిలో పెట్టుకుని, టౌన్ బస్టాండుకు షేర్ ఆటోలో పోయి, వేలూరు బస్సెక్కాడు. కిటికీ పక్కన సీటు దొరికింది. సంచి కాళ్ళ మధ్య పెట్టుకుని మళ్ళీ తోయడం మొదలుపెట్టాడు. బస్సు కే.వి.కుప్పం చేరేసరికి తొంభై ఇళ్ళు అయ్యాయి. ఫోను మోగింది.

"అన్నా, చూసినావా?"

"చూసేటప్పుడే నువ్వు ఫోను చేస్తా ఉండావు నాయనా. నువ్వు చెయ్యకపోతే దొరుకుతాది."

చెప్పాక అతనికే బాధేసింది. అవతల నిలబడిన మనిషికి ఇదంతా ఏం తెలుసు? సురేఖకు ఫోను చేశాడు. ఆమె ఆంబూరులో చెప్పుల కంపెనీ ఆఫీసులో కంప్యూటరు పని చేస్తుంది.

"పేరు కొట్టి వెతుకు నాయనా. పైన భూతద్దం బొమ్మ ఉండాది చూడు" అంది.

గోపాలస్వామి అని కొట్టాడు. ఏమీ లేదంది ఫోను.

"ఏమీ లేదంటాదే."

"సారు పేరు ఎట్ల రాసినావు?"

"సారిల్లు అనే."

"అయితే సారిల్లు అనే కొట్టు."

కొట్టాడు. తొంభై మూడుచోట్ల ఉందని చూపించింది. ఇంజనీరు సారిల్లు, బ్యాంకు సారిల్లు, మేడమీద సారిల్లు. ఒక్కొక్కటే దాటుకుంటూ పోవాలి.

"పేరు పెట్టి రాసుంటే ఒక్క దెబ్బకి వచ్చుండునే నాయనా!" అంది సురేఖ, పక్కన ఎవరో పిలుస్తుంటే తొందరగా.

"సారుని పేరు పెట్టి ఎట్ల రాస్తామమ్మా?" అన్నాడు ఆదిమూలం. అప్పటికే ఆమె పెట్టేసింది.

ఇంటింటికీ విడిగా ఒక నోటు పెట్టడమూ అంతకుముందే చేసి చూశారు తండ్రీ కూతుళ్ళిద్దరూ. ఆ యాప్ వాటిని దాని ఇష్టానికి సర్దింది. నిన్న ముట్టుకున్నది పైకి, పదేళ్ళనాటిది ఎక్కడికో. ఆదిమూలానికి ఇళ్ళు వరసలోనే గుర్తుంటాయి. ఈ ఇంటి పని అయ్యాక ఆ ఇల్లు, ఆ ఇంట్లో ఉండగా సురేఖ పుట్టింది, ఆ పక్కింటి పని నడుమ అమ్మ పోయింది. వరస తప్పితే రెండువందల ముప్పై ఇళ్ళూ నేల మీద ఒలికిన మేకుల్లా అయిపోయాయి. మళ్ళీ ఒకటిగా కలపడానికి సురేఖకు పది రోజులు పట్టింది.

లత్తేరి దాటుతుండగా ప్రభు ఐదోసారి చేశాడు. గొంతు మారింది.

"ఆయన పోయినాడన్నా. ఇంకో ఇల్లు ఉండాదంట. రేపో ఎల్లుండో వస్తానన్నాడు."

"నేనే వస్తా ఉండాను. మిషను నా దగ్గర ఉండాది."

"సెరి" అన్నాడు ప్రభు. అంతే. ఆ ఒక్క మాటలో ఏ కోపమూ లేదు. పది నిమిషాలన్న మనిషి రెండు గంటలు చేశాడని లెక్క తేల్చుకున్న అలసట మాత్రం ఉంది. ఆదిమూలం ఫోను జేబులో పెట్టేశాడు. ఏమిటీ పని? రాయనివాడు మరిచిపోతే ఒక అర్థం ఉంది. అంతా రాసి పెట్టుకుని, అంతా చేతిలోనే ఉండి, ఒక్క గోడ ఎత్తు చెప్పలేకపోవడం ఏమిటి?

రాయడం నేర్పింది ఆ సారే.

ఆదిమూలానికి అప్పుడు ఇరవై ఆరేళ్ళు. ఒడుగత్తూరు దగ్గర బావులు తవ్వే ఇంటి నుంచి వచ్చి, వేలూరులో మేస్త్రీ దగ్గర ఇటుకలు మోసి, పైపుల పని పట్టుకున్న కొత్త. గోపాలస్వామి సారు తెలుగు బడిలో పంతులు. ఆయన కొత్త ఇంట్లో పైపులు వేసింది ఆదిమూలమే. ఆర్నెల్లకు గోడ చెమ్మెక్కింది. ఎక్కడ కారుతోందో తెలియక మూడుచోట్ల గోడ పగలగొట్టాడు. నాలుగోచోట దొరికింది. పగిలిన గోడ ముందు తల దించుకుని నిలబడ్డ అతన్ని సారు తిట్టలేదు. లోపలికి పోయి బడిపిల్లలు రాసే నోటుపుస్తకం ఒకటి తెచ్చి చేతిలో పెట్టాడు.

"పూడ్చినోడివి నువ్వు. యాడ పూడ్చినావో నువ్వుదా చెప్పాల. ఇంకెవరు చెప్తారు?" అన్నాడు.

ఆ పుస్తకం పదకొండు పుస్తకాలైంది. మూడేళ్ళ కిందట ఒక ఇంట్లో పైపు పగిలి సంచి నిండా నీళ్ళు చేరితే నాలుగు పుస్తకాలు తడిసి ముద్దయ్యాయి, ఆరబెడితే గానీ అక్షరాలు తేలలేదు. అప్పుడే సురేఖ అన్నీ ఫోన్లోకి ఎక్కించడానికి కూర్చుంది. రోజూ సాయంత్రం అతను చదివేవాడు, ఆమె కొట్టేది. రెండు నెలలు. మొదటి రోజు కొట్టింది సారిల్లే.

వేలూరులో దిగి, సారు వీధికి నడిచేసరికి ఒంటిగంట దాటింది. సారు వసారాలో పడక్కుర్చీలో ఉన్నాడు. ఎనభై మూడేళ్ళు. గడ్డం రెండు రోజులది. మోకాలి మీద పసుపు రాసిన గుడ్డ.

"రా నాయనా. మాయప్ప ఎన్నిసార్లు ఫోను చేసినా 'చూస్తా ఉండా' అనే చెప్తావంట" అన్నాడు నవ్వుతూ. మాయప్ప అంటే ప్రభు, ఆయన ముద్దుగా పిలిచే పేరు.

ఆదిమూలం నవ్వలేకపోయాడు. "తప్పు నాదే సార్" అని బాత్రూములోకి పోయాడు. తలుపు దగ్గరే కూర్చుని ఫోను తీశాడు. ఇప్పుడు ఎవరూ ఫోను చేయరు. తోసుకుంటూ, తోసుకుంటూ పోతే చిట్టచివర వచ్చింది. సారిల్లు. బాత్రూము, కుళాయి గోడ. పాత పైపు తలుపు చట్రం నుంచి రెండున్నర అడుగులు, నిలువు. వేడినీళ్ళది నేల నుంచి మూడడుగుల మూడంగుళాలు, అడ్డం.

మూడడుగుల మూడంగుళాలు. ఈ ఒక్క అంకె కోసం పొద్దున్నించి.

ప్రభు మంచి మనిషి. సారుని చెయ్యి పట్టుకుని తీసుకొచ్చి తలుపు దగ్గర కుర్చీ వేసి కూర్చోబెట్టాడు. ఆదిమూలం గోడ కొలిచి, పెన్సిలుతో రెండు పైపుల దారీ గీశాడు. ఆ రెండింటినీ తప్పించి, నేల నుంచి రెండడుగుల తొమ్మిదంగుళాల దగ్గర నాలుగు చుక్కలు పెట్టాడు. మిషను గోడలోకి దిగుతుంటే పలకల పొడి మోచేతుల దాకా పడింది. నీటి చుక్క రాలేదు. కడ్డీ బిగించాక రెండు చేతులతో పట్టుకుని, కాళ్ళు పైకి మడిచి, తన బరువంతా దాని మీద వేలాడేశాడు. కదలలేదు.

"నా బరువు నీలో సగమే" అన్నాడు సారు.

అన్నం తినకుండా పోనివ్వలేదు. తిన్నాక సారు ఫోను అడిగి తీసుకుని, కళ్ళద్దాలు ముక్కు మీదికి జార్చుకుని నోటు చదవడం మొదలుపెట్టాడు. తెలుగు పంతులు, క, గ రెండింటికీ ఒకటే అక్షరం ఉన్న తమిళ లిపిలో తెలుగు చదువుతూ చదువుతూ ఆగి ఆగి నవ్వాడు.

"గోడా, కోడా? గది ఏది, కది ఏది? నీ ఇళ్ళల్లో గోడలన్నీ కోడలే కదరా."

"నాకు తెలుస్తాది సార్."

"నా ఇల్లు యాడ?"

"కింద సార్. అన్నిటికన్నా అడుగున."

"నన్ను ఇంత అడుగున పెట్టినావా?"

"మొదట రాసిందిదా సార్ అడుగున ఉండేది." ఆ తర్వాత అతను ఆపుకోలేకపోయాడు. తలుపుల సంగతి, ముక్కోణం సంగతి, ఫోను వస్తే మొదటికి పోయే సంగతి, తొంభై ముగ్గురు సార్ల సంగతి అంతా చెప్పాడు. మామూలుగా రోజంతా కలిపి అతను అన్ని మాటలు మాట్లాడడు. "సురేఖ మూడుసార్లు ఈ యాప్ చేసినోళ్ళకి రాసింది సార్. ఒక్కడూ పలకలేదు. వాళ్ళు ఒక్కసారి తడిచేత్తో, నీళ్ళు కారే గోడ ముందర నిలబడి దీన్ని తోసి చూడాల సార్. అప్పుడు తెలుస్తాది."

సారు గంభీరంగా విన్నాడు. "అర్జీ సరిగ్గా రాసుండదు. రాద్దాం పట్టు" అన్నాడు.

ఇంగ్లీషులో సారు ఒక్కొక్క మాటే చెప్పాడు, ప్రభు కొట్టాడు. అయ్యా, నేను నీళ్ళ పైపుల పనివాణ్ణి. మీ పుస్తకంలో నాకు రెండువందల ముప్పై ఇళ్ళున్నాయి. ఒక్కదానికీ తలుపు లేదు. దయచేసి ప్రతి ఇంటికీ ఒక తలుపు ఇప్పించగలరని ప్రార్థన. 'ప్రార్థన' అన్న మాటకు ఏ ఇంగ్లీషు మాట పెట్టాలన్నదాని మీద తండ్రీ కొడుకులు కాసేపు వాదించుకున్నారు. పంపించిన మరుక్షణమే టింగుమని జవాబు వచ్చింది. మీ అభిప్రాయానికి ధన్యవాదాలు. ప్రతి సందేశానికీ విడిగా జవాబివ్వలేము.

"ఇంత బిరీన ఎవడు చదివినాడు?" అన్నాడు సారు.

"ఎవరూ చదవలేదు నాయనా. అది మిషను."

సారు కళ్ళద్దాలు తీసేశాడు. ఆయనకు నిజంగానే కోపం వచ్చినట్టుంది. "చదవకుండా జవాబేంది?" అని తనలో తను అనుకున్నాడు.

మూడు గంటలకు ఆదిమూలం సంచి భుజాన వేసుకున్నాడు. వసారా మెట్టు దిగుతుంటే సారు పిలిచాడు.

"ఈ కడ్డీ సంగతి కూడా రాసుకో. రేపు ఎవడో వచ్చి దాని మేకుల మీదే ఇంకోటి తవ్వుతాడు."

"రాస్తా సార్. బస్సులో."

"నేను సాయంత్రం స్నానం చేస్తా."

"జాగర్త సార్. ముందు ఎడంచెయ్యి కడ్డీ మీద పెట్టి, అప్పురం కాలు పెట్టండి."

బస్సులో రాయలేకపోయాడు. కాట్పాడి దగ్గర జనం ఎక్కి, ఒంటికాలి మీద నిలబడి రావలసి వచ్చింది. ఇల్లు చేరేసరికి ఐదున్నర. భార్య పచ్చయమ్మ గడప పక్కన చాట ఒళ్ళో పెట్టుకుని బీడీలు చుడుతోంది. అతను ముఖం కడుక్కుని, ఆమె ఇచ్చిన టీ తాగి, అరుగు మీద కూర్చుని ఫోను తీశాడు.

"మళ్ళీ మొదలుపెట్టినావా?" అంది పచ్చయమ్మ, వేళ్ళు ఆపకుండా.

"ఒక్క వరస. సారిల్లు."

తోశాడు. యాభై ఇళ్ళు. నూరిళ్ళు. అలసిపోయిన వేలు మాటిమాటికీ జారింది. నూటయాభై దగ్గర వేలు మార్చి చూపుడువేలితో తోశాడు. వీధిలో దీపాలు వెలిగాయి. రెండు వందలు. రెండువందల ఇరవై. తెర అడుగున సారిల్లు అన్న మాట సగం కనిపిస్తుండగా ఫోను మోగింది.

ప్రభు.

"చెప్పు నాయనా" అన్నాడు ఆదిమూలం, విసుగు గొంతులోకి రాకుండా ఆపుకుంటూ.

"అన్నా, నాయన పోయినాడన్నా. స్నానం చేసి పడుకున్నాడు. టీ ఇద్దామని లేపితే లేవలేదు. డాక్టరు వచ్చి చూసి పోయినాడు. నిద్రలోనే అంటా ఉండాడు."

ఆదిమూలం ఏదో అన్నాడు. ఏమన్నాడో తర్వాత అతనికి గుర్తు లేదు. ఫోను చెవి మీద నుంచి తీశాక తెర వెలిగింది. నోటు మొదటికి వచ్చి ఉంది. ముత్తమ్మ. వంటగది. కొత్త కుళాయి.

"ఎవరు?" అంది పచ్చయమ్మ.

"సారు" అన్నాడు. ఆమె చేతిలో బీడీ సగంలో ఆగిపోయింది.

పొద్దున్నే మొదటి బస్సుకు పోయాడు. బస్సు ఖాళీగా ఉంది. కిటికీ పక్కన కూర్చుని నోటు తెరిచి, పైనుంచి అడుగుదాకా తోసుకుంటూ పోయాడు. ఎవరూ ఫోను చేయలేదు. సారిల్లు వచ్చింది. దాని కింద ఇంకొక్క వరస రాశాడు. కుళాయి గోడ. కడ్డీ. నేల నుంచి రెండడుగుల తొమ్మిదంగుళాలు.

సారింటి ముందు కుర్చీలు వేసి ఉన్నాయి. జనం చెప్పులు విడిచి లోపలికి పోతున్నారు. ప్రభు ఆదిమూలాన్ని చూసి దగ్గరికి వచ్చి, చెయ్యి పట్టుకుని అడిగాడు.

"నాయనకి నీళ్ళు పొయ్యాల అన్నా. వసారాలోకి పైపు లాగేదానికి అవుతాదా?"

"అవుతాది."

గొట్టం చుట్ట భుజాన వేసుకుని ఆదిమూలం బాత్రూములోకి పోయాడు. నేల ఆరిపోయి ఉంది. గోడ మీద పెన్సిలు గీతలు నీళ్ళకు సగం చెరిగాయి. గొట్టం చివర కుళాయికి తొడిగి, జారకుండా గుడ్డ చుట్టి, తల ఎత్తాడు.

కడ్డీ మీద, నిన్న సాయంత్రం సారు ఒళ్ళు తుడుచుకుని, పిండి ఆరేసిన తెల్ల తువ్వాలు ఇంకా కొంచెం చెమ్మగానే వేలాడుతోంది.